ఎడమ చుట్టు సకినం

ప్రతి సంవత్సరం జనవరి ఆరో తేదీన నేను పొయ్యి ముట్టించను. సూర్యాపేటలో మా వీధి మొత్తానికీ ఈ సంగతి తెలుసు. ఆ రోజు మా ఆయన వండుతాడు. కూరలో కారం ఎక్కువైందా, అన్నం మెత్తబడిందా అని మర్నాడు పక్కింటివాళ్ళు నన్ను ఆపి మరీ అడుగుతారు. బడిలో తోటి టీచర్లయితే "మీది అసలు ఏ మతం మేడమ్" అని వెక్కిరిస్తారు. శనివారం తప్పకుండా కొబ్బరికాయ కొట్టే మనిషిని, నా మతం నాకు తెలియకపోవడమేమిటి. ఈ పండుగ మాత్రం ఐర్లండ్ నుంచి కోదాడ మీదుగా మా ఇంటికి వచ్చింది.

తెచ్చింది ఒక సిస్టర్. కోదాడలో ఆమె ఆడపిల్లల హాస్టల్ నడిపేది. మా అమ్మ ఆ హాస్టల్లో వంటమనిషి. నేను పుట్టింది మా ఇంట్లోనే గానీ పెరిగింది ఆ వంటింటి గడప మీద. సిస్టర్ బాగా పొడగరి. ఎండాకాలం వచ్చిందంటే ఆమె ముక్కు మీద తోలు పొరలు పొరలుగా లేచిపోయేది. తెలుగు మాట్లాడేది, తప్పులతోనే అయినా ధైర్యంగా మాట్లాడేది. ఊళ్ళో అందరూ ఆమెను "ఇంగ్లీషు సిస్టర్" అనేవాళ్ళు. ఆ మాట చెవిన పడితే చాలు, ఆమెకు ఒళ్ళు మండేది.

"నేను ఇంగ్లండు దాన్ని కాదమ్మా. మాది ఐర్లండు. మా భాష వేరే, మా కథలు వేరే, మా పండుగలు వేరే. మా తాత బడిలో మా భాష మాట్లాడితే దెబ్బలు కొట్టారు" అని కూరగాయల బండి అతనికి కూడా నిలబెట్టి చెప్పేది. అతను తలూపి, "అట్నే ఇంగ్లీషు సిస్టరమ్మా" అని వంకాయలు తూచేవాడు.

తెల్లవాళ్ళందరూ ఒకటే కదా, ఇంత కోపమెందుకని అప్పట్లో అనుకునేదాన్ని. పెళ్ళై సూర్యాపేటకు వచ్చాక తెలిసింది. నా నోట "వెళ్తాను", "ఉంటుంది" అనే మాటలు విని మా అత్తవారి చుట్టాలంతా నన్ను "ఆంధ్ర పిల్ల" అన్నారు. మాది కోదాడ, మీదీ మాదీ ఒకటే జిల్లా అని ఎంత మొత్తుకున్నా ఒక్కరూ వినలేదు. సిస్టర్ కోపంలోని న్యాయం ఆ రోజు నాకు పూర్తిగా అర్థమైంది.

డిసెంబరు వచ్చిందంటే హాస్టల్ స్వరూపమే మారిపోయేది. క్రిస్మస్ ముందు రోజు చీకటి పడగానే సిస్టర్ రోడ్డు వైపు కిటికీలో ఒక కొవ్వొత్తి వెలిగించి పెట్టేది. దారిన పోయేవాళ్ళకు తలదాచుకునే చోటు లేకపోతే ఈ ఇంటికి రావచ్చని దాని అర్థమట. వాళ్ళ దేశంలో ప్రతి కిటికీలోనూ పెడతారట. మా కిటికీ ఎదురుగా ఉన్నది విజయవాడ పోయే పెద్ద రోడ్డు. ఒక ఏడాది ఇద్దరు లారీవాళ్ళు ఆ వెలుతురు చూసి టీ హోటల్ అనుకుని బండి ఆపుకుని లోపలికి వచ్చారు. వాచ్‌మన్ వాళ్ళ మీద లేవబోతే సిస్టర్ ఆపింది. బెంచీ మీద కూర్చోబెట్టి ఇద్దరికీ టీ, రొట్టె ఇచ్చింది. ఇన్నేళ్ళకు నా దీపానికి మనుషులు వచ్చారని వారం రోజులు అందరికీ చెప్పుకుంది.

భోజనాల హాలు గోడకు సున్నం వేయించి, దాని మీద ఎర్రమట్టి జాజుతో బొమ్మ వేసేది. మూడు చుట్లు. ఒక్కొక్కటి లోపలి నుంచి తిరుగుతూ తిరుగుతూ బయటికి వచ్చి పక్కదానిలో కలిసిపోయేది. ఎక్కడ మొదలైందో కనిపెట్టాలని మేము వేలు పెట్టి రుద్దుతూ గోడంతా మాసేవాళ్ళం. వాళ్ళ ఊరికి దగ్గరలో పాతకాలపు రాళ్ళ గుట్ట ఒకటి ఉందని, ఆ రాళ్ళ మీద ఎవరో ఈ బొమ్మ చెక్కి పెట్టారని చెప్పేది. "మా జాతిని సెల్టిక్ జాతి అంటారు. ఆ రాళ్ళు మా జాతికంటే కూడా పాతవట. అయినా మావే అనుకుంటాం" అని నవ్వేది.

తిరుమలగిరి నుంచి వచ్చిన ఒక పిల్ల సంక్రాంతి సెలవుల తర్వాత డబ్బా నిండా సకినాలు తెచ్చింది, బియ్యప్పిండిని చుట్లు చుట్లుగా తిప్పి నూనెలో వేయించినవి. సిస్టర్ ఒక సకినాన్ని అరచేతిలో పెట్టుకుని గోడ దగ్గరికి పోయి బొమ్మ పక్కన ఆనించి చూసింది. చాలాసేపు తినలేదు. మా అమ్మ చూసి, "విరిగిపోద్ది సిస్టర్, తినండి" అంటే అప్పుడు కొరికింది. మాది కోదాడ పద్ధతి, మా అమ్మకు అరిసెలే గానీ సకినాలు రావు. అందుకే ఆ చుట్టు ఎంత కష్టమైన పనో మా ఇద్దరికీ అప్పట్లో తెలియదు.

సిస్టర్ ఆ బొమ్మను ఎడమ చేత్తో వేసేది. పుట్టుకతోనే ఆమెది ఎడమ చేతివాటం. చిన్నప్పుడు బడిలో బెత్తంతో కొట్టి కొట్టి కుడి చేత్తో రాయించారట. రాత మారింది గానీ బొమ్మ మారలేదు. వడ్డించేటప్పుడు కూడా తెలియకుండానే గరిటె ఎడమ చేతిలోకి వెళ్ళిపోయేది. కొత్తలో ఒకసారి అట్లా వడ్డించబోతే మా అమ్మ చటుక్కున కంచం వెనక్కి లాక్కుంది. సిస్టర్ ముఖం కందిపోయింది. అప్పటి నుంచి పట్టుబట్టి కుడి చేత్తోనే వడ్డించింది. సగం పప్పు బల్ల మీద పడేది. మా అమ్మ తుడిచేది.

ఇక ఆ పండుగ. జనవరి ఆరున వాళ్ళ క్రిస్మస్ రోజులు ముగుస్తాయట. ఆ చివరి రోజు ఆడవాళ్ళది. వాళ్ళ భాషలో దాని పేరు నొలిగ్ నా మాన్, అంటే ఆడవాళ్ళ క్రిస్మస్. పన్నెండు రోజులు వండి, వడ్డించి, కడిగి నడుములు పడిపోయిన ఆడవాళ్ళు ఆ రోజు ఏ పనీ ముట్టుకోరు. మగవాళ్ళు ఇంటిపని చేస్తారు. ఆడవాళ్ళు ఒకళ్ళ ఇంటికొకళ్ళు పోయి కూర్చుని టీ తాగుతారు. సిస్టర్ ఈ ఆచారాన్ని కోదాడలో మొదలుపెట్టిన ఏడాది నాకు ఎనిమిదేళ్ళు ఉంటాయేమో. వాచ్‌మన్‌ని, జీపు డ్రైవర్‌ని, తోటమాలిని, చర్చి ఫాదర్‌ని కూడా వంటింట్లోకి తోలింది. వంట చేసే మా అమ్మ, గదులు ఊడ్చే ఇద్దరు ఆడవాళ్ళు, ఆయా, మేము పిల్లలం అందరం హాల్లో బెంచీల మీద కూర్చున్నాం.

మా అమ్మ బెంచీ అంచున కూర్చుంది, టికెట్ తీసుకోకుండా బస్సెక్కిన మనిషిలాగా. వంటింట్లో గిన్నె చప్పుడైతే చాలు, లేచేది. సిస్టర్ భుజం పట్టి కూర్చోబెట్టేది. వాచ్‌మన్ వండిన అన్నం గోడకు పోస్టర్లు అంటించడానికి పనికొచ్చేలా ఉంది. ఆ పూట సిస్టర్ తన ఒక్క వంటకం మాత్రం ముందు రోజే చేసి దాచింది. మజ్జిగ, వంటసోడా వేసి కాల్చిన రొట్టె. కాల్చే ముందు దాని నెత్తిన కత్తితో అడ్డంగా, నిలువుగా గాట్లు పెడతారు. ఇంట్లో ఉన్న దయ్యాలు ఆ గాట్లలోంచి పోతాయట. మొదటి ముక్క మా అమ్మకే ఇవ్వాలని సంబరంగా వచ్చింది. ఆ సంబరంలో ముక్క ఎడమ చేతిలో ఉంది.

హాలంతా చూసింది. సిస్టర్ కూడా చూసుకుంది. చెయ్యి వెనక్కి తీసుకోబోయింది. మా అమ్మ కంచం ముందుకు పెట్టింది.

"వెయ్యండి సిస్టర్. ఇయ్యాల మన పండుగ కదా" అంది.

ఎందుకట్లా తీసుకున్నావని తర్వాత అమ్మను అడిగాను. "ఆమె ఒక్కతే ఇంత దూరం వచ్చి పండుగ చేసుకుంటుంటే ఆమె రొట్టె నేను తినకపోతే ఎట్లా" అంది. ఆ రోజు నుంచి సిస్టర్ ఏ చేత్తో పెట్టినా మా అమ్మ తిన్నది.

నా పెళ్ళయిన మొదటి జనవరిలో నేను మా ఆయనకు ఈ కథంతా చెప్పి, ఆరో తారీకు నేను వండనని ప్రకటించాను. ఆయనది మోటార్ వైండింగ్ షాపు. కాలిపోయిన బోరు మోటార్లకు రాగి తీగ చుడతాడు. మంచి మనిషే, చెప్పింది వింటాడు. ఉప్మా చేస్తానన్నాడు. మా అత్తమ్మ ఒప్పుకోలేదు.

"గిదేం పండుగనే? కిరస్తానపోళ్ళ పండుగ మనకెందుకు? నా కొడుకుతోని పొయ్యి కాడ పని చేపిస్తవా?" అని తానే వండి అందరికీ పెట్టింది. నాకు మొండితనం ఎక్కువ. ఆ రోజంతా అన్నం తినలేదు. తర్వాతి రెండేళ్ళూ అదే తంతు. నాలుగో ఏడు పొద్దున్నే అత్తమ్మ మంచం దిగలేదు. "మోకాళ్ళు నొస్తున్నయ్. ఇయ్యాల నాతోని కాదు" అంది. మా ఆయన ఉప్మా చేశాడు. అత్తమ్మ నా గదిలో నా పక్కన కూర్చుని టీవీ చూస్తూ రెండు సార్లు పెట్టించుకు తిన్నది. ఆ తర్వాత పదిహేనేళ్ళ పాటు సరిగ్గా జనవరి ఆరునే ఆమె మోకాళ్ళు నొప్పి పుట్టేవి. ఏడో తారీకు తెల్లారేసరికి నొప్పి మాయం. మేమిద్దరం దాని గురించి ఒక్క మాట కూడా అనుకోలేదు.

ఏడో తారీకు నుంచి ఆమెకు సకినాల పని. మా వీధిలో సకినాలంటే మా అత్తమ్మే. ఇంటింటివాళ్ళూ వచ్చి బొట్టు పెట్టి పిలుచుకుపోయేవాళ్ళు. నేల మీద తెల్లటి ధోవతి పరిచి, ఒక మూల పసుపు గౌరమ్మను పెట్టి, తడి పిండి ముద్ద కుడి చేతిలోకి తీసుకునేది. బొటనవేలు, రెండు వేళ్ళు కదిలేవి. పిండి సన్నని తాడులా మెలిక పడుతూ దిగి, ప్రదక్షిణం చేసినట్టు కుడి వైపుకు తిరిగేది. నాలుగు చుట్లు. ఎక్కడా తెగదు, ఎక్కడా లావు కాదు. నేను చుడితే రెండో చుట్టుకే విరిగేది. "ఆంధ్ర పిల్లవు, నువ్వు అరిసెలు ఒత్తుకో పో" అని నవ్వేది. సిస్టర్ గోడ మీది బొమ్మ గురించి ఒకసారి చెప్తే, "గాళ్ళు రాళ్ళ మీద చెక్కుకోవాల్నా? మేము తిని అరాయించుకుంటం" అంది.

పోయిన వానాకాలం ఆమెకు పక్షవాతం వచ్చింది. దవాఖానలో పన్నెండు రోజులున్నాం. మాట వచ్చింది, కాలు కొంచెం వచ్చింది. కుడి చెయ్యి రాలేదు.

ఇంటికి తెచ్చిన నెలకు కర్ర పట్టుకోకుండా నాలుగడుగులు వేయగలిగింది. ఒక పొద్దున నా చేతిలోంచి టీ గ్లాసు తీసుకుంది. మామకు టీ ఇవ్వడం యాభై ఏళ్ళుగా ఆమె పని. వరండాలో పేపరు చదువుతున్న మామ దగ్గరికి గోడ ఆసరాతో నెమ్మదిగా పోయి గ్లాసు చాపింది. మామ తల ఎత్తి చూసి, "ఎడమ చెయ్యితోని ఇస్తున్నవేందే, పొద్దుగాల పొద్దుగాల" అన్నాడు.

మామ చెడ్డవాడు కాదు. ఎప్పటి నుంచో నాలుక మీద ఉన్న మాట, ఆలోచించకుండా జారింది. అన్న క్షణంలోనే ముఖం మాడిపోయింది. ఈలోగా అత్తమ్మ గ్లాసు కిటికీ మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి ఆమె ఎవరికీ ఏదీ అందివ్వలేదు. మేం తినిపిస్తామంటే వద్దంది. తన ప్లాస్టిక్ కుర్చీని గోడ వైపు తిప్పించుకుని, మా అందరికీ వీపు పెట్టి, చెంచాతో ఎడమ చేత్తో తినేది. మామ టీ అడగడం మానేశాడు. ఇస్తే తాగుతాడు, లేకపోతే లేదు. అన్న మాట ఎట్లా వెనక్కి తీసుకోవాలో ఆయనకు తెలియలేదు.

అందుకే ఈ జనవరి ఆరును ఘనంగా చేయాలనుకున్నాను. కింద గదిలో కిరాయికి ఉండే ఆమెను, పక్కింటి ఇద్దరినీ, నాతో పనిచేసే నడిగూడెం టీచరమ్మను పిలిచాను. అత్తమ్మకు ఆకుపచ్చ పట్టుచీర కట్టి హాలు మధ్యలో కుర్చీలో కూర్చోబెట్టాను. మామకూ మా ఆయనకూ బగారన్నం, ఆలుగడ్డ కూర చేసే పని అప్పగించాను. పనిలో పనిగా ఇంకో మాట కూడా చెప్పాను. ఈసారి సకినాలకు ఎవరూ కష్టపడనక్కర్లేదు, బజార్లో స్వగృహ షాపులో ఆర్డరిచ్చేశానని. అత్తమ్మకు మనసు తేలిక పడుతుందని నా ఉద్దేశం. ఎంత తెలివిగల దాన్నో చూడండి.

టీచరమ్మ అత్తమ్మను పలకరించి, "ఇయ్యాల మీరు మహారాణి పెద్దమ్మా, హాయిగ కూసోండి" అంది.

"కూసునే ఉన్న గద బిడ్డా" అంది అత్తమ్మ. గొంతులో కోపం లేదు. "వానల కాడికెల్లి కూసునే ఉన్న. మీకు ఒక్క దినం కూసునుడు పండుగ. నాకు రోజూ గిదే. ఇగ నాకేం పండుగ?"

వంటింట్లో మా ఆయన ఉల్లిగడ్డలు కోయడం ఆపాడు. నాకు ఒక్కసారిగా మిర్యాలగూడ గుర్తొచ్చింది.

సిస్టర్ చివరి రోజులు మిర్యాలగూడలో, ముసలి సిస్టర్లు ఉండే ఇంట్లో గడిచాయి. ఉద్యోగం వచ్చిన కొత్తలో, జనవరి ఆరున, కేక్ పట్టుకుని చూడబోయాను. వసారాలో కుర్చీలో ఉంది. కాళ్ళ మీద శాలువా. చేతులు వణుకుతున్నాయని చిన్న సిస్టర్లు ఆమెను వంటింటి వైపు రానిచ్చేవాళ్ళు కాదు. నన్ను దగ్గరికి పిలిచి మెల్లగా అడిగింది, లోపలికి పోయి నాలుగు ఆలుగడ్డలు, ఒక కత్తి తెచ్చిపెట్టమని. నేను నవ్వాను. "ఈ రోజు పని ముట్టుకోవద్దని మీరే కదా మాకు నేర్పింది సిస్టర్" అన్నాను. ఆమె కూడా నవ్వింది. తర్వాత శాలువా మీద తన రెండు చేతులు పెట్టుకుని వాటి వైపు చూస్తూ ఉండిపోయింది. ఏదో పెద్ద మర్యాద చేసి వచ్చినట్టు నేను సంతోషంగా బస్సెక్కాను. మళ్ళీ ఆమెను చూడలేదు. అన్నేళ్ళ తర్వాత, నా ఇంటి హాల్లో నిలబడి, ఆ నాలుగు ఆలుగడ్డలు ఇవ్వనందుకు నాకు ఏడుపొచ్చింది. పని చేసేవాళ్ళకే ఆ పండుగ. చేయి ఆడనివాళ్ళకు మళ్ళీ కుర్చీ ఇవ్వడం వాళ్ళ మీద ఎంత దయలేని పనో నాకు రెండు సార్లు జరిగితే గానీ బుద్ధికి ఎక్కలేదు.

కిరాయి ఆమె ఆ రోజే తన సకినాలకు బియ్యం నానబెట్టి పిండి పట్టించుకు వచ్చింది. "ఆ పిండి తెస్తవా" అని అడిగాను. ఆమె అర్థం చేసుకుంది. బేసిన్‌తో సహా తెచ్చింది. నువ్వులు, వాము మా ఇంట్లో ఉన్నాయి. మామ ధోవతి ఒకటి తెచ్చి హాల్లో పరిచాను. అత్తమ్మ చూస్తూ ఉంది.

"అత్తమ్మా, నీ కొడుకుకు నేర్పియ్యి" అన్నాను. "ఆడోళ్ళం ముట్టుకోము. నువ్వు చెప్పు, ఆయన చుడతడు."

మా ఆయన చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. పసుపు ముద్ద మూలన పెట్టాం. ఉప్పు ఆయనే వేశాడు, పిండి కలిపాడు. అత్తమ్మ కుర్చీలోంచి ముందుకు వంగింది. "నీళ్ళు ఎక్కువైనయ్. ఇంకింత పిండి వెయ్. ఆఁ, చాలు. బొటనవేలు కింద పెట్టు" అని మొదలుపెట్టింది. రోజూ తీగ చుట్టే చేతులు కాబట్టి ఆయనకు తొందరగానే పట్టు దొరికింది. చుట్లు గుండ్రంగానే వచ్చాయి, కానీ మెలిక పడలేదు. "మోటారు గాదురా అది. జర మెల్లగ తిప్పు, పిండి అదే వస్తది" అని కసిరింది. పక్కింటివాళ్ళు నవ్వారు. మామ వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడ్డాడు.

కాసేపటికి అత్తమ్మ లేచి నిలబడింది. పట్టుకోబోతే నన్ను తోసింది. కుర్చీ చెయ్యి పట్టుకుని, గోడ పట్టుకుని, కొడుకు భుజం పట్టుకుని ధోవతి పక్కన చతికిలబడింది. కుడి చెయ్యి ఒళ్ళో వేసుకుంది. పిండి వైపు చూసింది. ఎడమ చెయ్యి మాత్రం కదల్లేదు.

అప్పుడు నేను ఆమె పక్కన కూర్చుని ఎడమ చేత్తో పిండి ముద్ద తీసుకున్నాను. కుడి చేత్తోనే రానిదానికి ఎడమ చేత్తో ఏం వస్తుంది. పిండి చీమిడి కారినట్టు పడింది. ఇంకో ముద్ద తీసుకున్నాను. అదీ అంతే. నిజం చెప్పాలంటే సగం కావాలనే చేశాను, మిగతా సగం నా చేతకానితనమే.

అత్తమ్మ మూడింటి దాకా ఓర్చుకుంది. "ఏందే, మంది పిండి గిట్ల ఖరాబు చేస్తున్నవ్" అని నా చేతిలోంచి ముద్ద లాక్కుంది. ఎడమ చేత్తోనే లాక్కుంది. లాక్కున్నాక తన చెయ్యి వైపు చూసుకుంది. తర్వాత బొటనవేలు మెల్లగా కదిలింది. మొదటిది తెగింది. రెండోది చుట్టు తిరగకముందే విరిగింది. మూడోది నిలిచింది. రెండే చుట్లు, అందులో ఒక చోట లావు. ఆమె పాత సకినాలు కుడి వైపుకు తిరిగేవి. ఇది ఎడమ వైపుకు తిరిగింది.

"ఇది దేవునికి పెట్టకు" అంది నాతో. "అపసవ్యంగ ఉన్నది."

"పెట్టను" అన్నాను. నాకు సిస్టర్ గోడ కనిపిస్తోంది. ఆ మూడు చుట్లూ ఎడమ చేత్తోనే గీసినవి.

ధోవతి మీద సకినాలు ఆరాక మామే నూనెలో వేయించాడు. మిగతావి పళ్ళెంలో పోసి, ఆ ఒక్కటీ విడిగా తీసి అత్తమ్మ ముందు పెట్టాడు. తింటుందనుకున్నాడో ఏమో. అత్తమ్మ దాన్ని ఎడమ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూస్తోంది. మామ వెళ్ళలేదు. గరిటె కింద పెట్టి, ధోవతి అంచున మోకాళ్ళ మీద కూర్చుని చెయ్యి చాపాడు.

"నాకియ్యి" అన్నాడు.

"ఎడమ చెయ్యి" అంది అత్తమ్మ. తల ఎత్తలేదు.

"నాకు కనవడతలేదా ఏంది. ఇయ్యి."

ఇచ్చింది. మామ అక్కడే కూర్చుని దాన్ని చివరి ముక్క దాకా తిన్నాడు. కళ్ళు నిండాయి గానీ తుడుచుకోలేదు. "జర ఉప్పు తక్కువైంది" అన్నాడు. యాభై ఏళ్ళుగా ఆమె చేసిన ప్రతి వంటకూ ఆయన అనే మాట అదే.

"ఉప్పేసింది నీ కొడుకు. నన్నంటవేంది?" అంది అత్తమ్మ.

ఆ మధ్యాహ్నం బగారన్నం కొంచెం మాడింది. అందరికీ కంచాలు పెట్టాక, గోడ వైపున్న ప్లాస్టిక్ కుర్చీని మామ లేచి మా వైపు తిప్పాడు. అత్తమ్మ అందులో కూర్చుని, చెంచా పక్కన పెట్టి, ఎడమ చేత్తో కలుపుకుని తిన్నది. మధ్యలో మామ టీ కావాలన్నాడు. "తిననియ్యి, తర్వాత ఇస్త" అంది.